రిమార్కుల గడి

ఉపగ్రహానికీ నాకూ తొమ్మిదిసార్లు లెక్క కుదరలేదని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

నేను ఉప్పుటేటి దగ్గర గేజీ రీడర్ని. ఒడ్డున మెట్ల పక్కన ఒక సిమెంటు స్తంభం ఉంది. దానికి కొట్టిన రేకు పలకల మీద నల్లగీతలూ అంకెలూ ఉంటాయి. రోజుకు మూడుసార్లు వెళ్ళి నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి రిజిస్టర్లో రాయాలి. సాయంత్రం ఆ అంకెల్ని ఫోన్లో ఆఫీసుకు పంపాలి. ఎగువన లాకుల వాళ్ళు తలుపులు ఎత్తాలన్నా దించాలన్నా ఈ అంకెలే చూస్తారు. నీళ్ళు ఒకచోట నిలబడవు కదా. అందుకని వరసగా పది అలలు లెక్కపెట్టి, అన్నిటికంటే పైకి వచ్చినదీ అన్నిటికంటే కిందికి దిగినదీ చూసుకుని, రెంటికీ నడిమిది రాస్తాను. అది మా ఆయన పద్ధతి. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పద్ధతి పోలేదు.

రెండేళ్ళ కిందట పైనుంచి కూడా ఒకరు చూడటం మొదలుపెట్టారు. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం కిందికి ఒక కేక లాంటిది వేస్తుందట. ఆ కేక నీటికి తగిలి వెనక్కి పోవడానికి ఎంతసేపు పట్టిందో చూసి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో లెక్క కడుతుందట. ఇరవై ఏడు నక్షత్రాలూ చుట్టి వచ్చినట్టు సరిగ్గా ఇరవై ఏడు రోజులకోసారి, ఉదయం పదింటికి కాస్త అటూ ఇటూగా మా గేజీ మీదుగా వెళ్తుంది. ఏ నిమిషానికి వస్తుందో ముందురోజు ఆఫీసు నుంచి కబురొస్తుంది. ఆ నిమిషానికి నేను మెట్ల మీద ఉండి నీళ్ళు చూడాలి. అది నన్ను చూడదు, నేను దాన్ని చూడను. ఇద్దరం నీళ్ళను చూస్తాం.

ఇరవై ఆరుసార్లు అలా చూశాం. పదిహేడుసార్లు దాని అంకె, నా అంకె తోబుట్టువుల్లా పక్కపక్కనే ఉన్నాయట. తొమ్మిదిసార్లు మాత్రం ఎడమొహం పెడమొహం. ఎనిమిదిసార్లయితే దానిది నాకంటే జానెడున్నర తక్కువ. అవన్నీ ఎండాకాలం రోజులే. ఉత్తరం చివర ఇలా ఉంది: “ఎండల తీవ్రత వలన గేజీ రీడరు నీటిమట్టమును స్వయముగా చూడక ఇంటివద్దనే నమోదు చేయుచున్నట్లు అనుమానించవలసి వచ్చుచున్నది. ఇరవయ్యవ తేదీన తనిఖీ జరుగును. పిమ్మట ఈ గేజీని కొనసాగించుటయా, మూసివేయుటయా నిర్ణయించబడును.”

నేనే చదువుకున్నాను. రెండుసార్లు.

“ఎవరైనా పోయారా వదినా, మొహం అలా పెట్టావు?” అంది మా ఆడపడుచు, చేతులు కడుక్కుని లోపలికొస్తూ.

“ఇంకా పోలేదు. ఇరవయ్యో తేదీకి ముహూర్తం పెట్టారు.”

మా ఆడపడుచు మా ఆయనకు చెల్లెలు. ఏరు దాటి కాస్త నడిస్తే వచ్చే ఉప్పుమళ్ళకు మేస్త్రీ. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పెట్టాలో, ఎప్పుడు ఉప్పు గీకాలో ఆమె చెప్పిందే వేదం. పెళ్ళి చేసుకోలేదు. ‘నా ఉప్పు తినే మొగవాడు దొరకలేదు’ అంటుంది. మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, రోజూ ఒకే పోట్లాటతో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాం. ఉత్తరం తీసుకుని చదివింది.

“ఎండలకి భయపడి ఇంట్లో కూర్చున్నావటా? నువ్వా? నిప్పుల వానొచ్చినా గొడుగేసుకుని పోయే మనిషివి. ఈ ఉత్తరం రాసినవాడు ఫ్యాను కింద కూర్చుని రాసుంటాడు.”

“వాడేం చేస్తాడే, వాడికి అంకెలే కనిపిస్తాయి. నేను కనిపించనుగా.”

నా కళ్ళ మీద నాకు అనుమానం లేదు. మా ఆయన బతికున్నప్పుడు కూడా గీత చూసి చెప్పేది నేనే, ఆయన రాసేవాడు. ఆయన చూపు అంత ఆనేది కాదు. ఆయన పోయాక ఉద్యోగం నాకిస్తామన్నారు గానీ రాయడం రావాలన్నారు. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నన్ను కూర్చోబెట్టి దిద్దించింది ఈ ఆడపడుచే. రిజిస్టర్లో అంకెల పక్కన రిమార్కులని ఒక గడి ఉంటుంది. మా ఆయన పంతొమ్మిదేళ్ళలో ఆ గడిలో ఒక్క ముక్క రాయలేదు.

“ఊరికే ఖాళీగా పడుంది కదా, రోజుకో మాట అందులో రాసి పారెయ్” అందప్పట్లో. “ఏం రాయాలో తోచకపోతే నేనేం చేశానో రాయి.”

“నువ్వేమన్నా మహారాణివా, రోజూ నీ చరిత్ర రాయడానికి?”

“మహారాణి చరిత్రయితే ఎవరైనా రాస్తారు.”

అలా మొదలైన అలవాటు మానలేదు. అక్షరాలు కుదురుకున్నాక కూడా రాస్తూనే ఉన్నాను. ఆఫీసుకు పోయేవి అంకెలే. రిమార్కులు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రిజిస్టర్లు నిండిపోయినకొద్దీ ట్రంకుపెట్టెలో పెడుతూ వచ్చాను.

ఆ సాయంత్రం పెట్టె దించి, ఉత్తరంలోని తొమ్మిది తేదీలు ఒక్కొక్కటే తీశాను. మొదటి తేదీ పక్కన నా రాత: ‘ఆడపడుచు కొత్త మళ్ళకి నీళ్ళు పెట్టింది. ఆకు కదలడం లేదు.’ రెండోదాని పక్కన: ‘అన్ని మళ్ళూ నిండాయి. ఉక్క.’ మూడోది: ‘మళ్ళల్లో ఆకాశం కనిపిస్తోంది అంటోంది. దీనికి కవిత్వం కూడా వచ్చా.’

“చూడనీ, చూడనీ” అని ఆడపడుచు లాక్కుంది. “నేనంత బాగా చెప్పానా?”

ఎనిమిది తేదీలకూ అదే కథ. మళ్ళల్లో నిండా నీళ్ళు, గాలి లేదు. ఇక సరిపోయిన పదిహేడు తేదీలూ వెతికాను. వానాకాలంలో, చలికాలంలో మళ్ళు ఎండబెట్టడమో, మరమ్మతో. రెండు రోజులు మాత్రం మళ్ళు నిండి ఉన్నాయి, అయినా లెక్క సరిపోయింది. ఆ రెండింటి పక్కనా ఒకే ఫిర్యాదు: ‘ఈదురుగాలి. తీగమీది గుడ్డలు ఏట్లో పడ్డాయి.’ ఇంకోటి: ‘గాలి. గొడుగు తిరగబడింది.’

ఎందుకో నాకు తెలియదు. కానీ ఏమిటో తెలిసిపోయింది. మడి నిండి గాలి ఆగితే ఉపగ్రహానికి చూపు చెదురుతోంది.

“గెలిచావు పో” అంది ఆడపడుచు. “పుస్తకాలు ఎత్తుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పడెయ్.”

“తొమ్మిదోది ఉందిగా.”

ఆ పేజీ ఇద్దరం చూశాం. అది వానాకాలంలో రోజు. నా అంకె ఒకటీ ఎనభై, అంటే మీటరూ ఎనభై సెంటీమీటర్లు. ఉపగ్రహానిది ఒకటీ అరవై రెండు. పక్కన ఇలా ఉంది: ‘నేను వెళ్ళలేదు. ఆడపడుచు గట్టు మీంచి పడింది. ఆసుపత్రి. పడవాయన చూసి చెప్పిన అంకె.’

రిజిస్టరు అట్ట లోపలి వైపు అచ్చు వేసి ఉంటుంది: స్వయముగా చూడని నీటిమట్టము నమోదు చేయరాదు, చేసినవారు విధుల నుండి తొలగించబడుదురు. నేను అక్షరాలు కూడబలుక్కుని మొదట చదివిన పెద్ద వాక్యం అదే.

ఆడపడుచు ఆ పేజీ మీద చెయ్యి పెట్టింది. విరిగి అతుక్కున్న చెయ్యి. “ఇది చింపెయ్.”

“చింపను.”

“నా చెయ్యి విరిగిందని నీ ఉద్యోగం విరగాలా వదినా? ఎనిమిదికి సాక్ష్యం ఉంది. ఒక్కటి ఎవడడుగుతాడు? పెట్టెలో చెమ్మ తగిలిందను. ఎలుక కొట్టిందను.”

“ఎలుక ఆ ఒక్క పేజీనే ఏరుకుని కొట్టిందా? అంత చదువుకున్న ఎలుకా?”

“నీతో వేగలేను” అని లేచిపోయింది. తలుపు దగ్గర ఆగి, “చూపించకు. చింపకపోతే పోనీ, చూపించకు” అంది. ఆ గొంతులో వెటకారం లేదు.

పడవాయనను మర్నాడు అడిగాను. రేవు దాటించే ఆయనకు అందరూ పెట్టిన పేరు ఊకదంపుడు. అవతలి ఒడ్డు చేరేలోగా మూడు తరాల కథ చెబుతాడు.

“ఆ రోజు నువ్వు మెట్లు దిగి చూశావా, తమ్ముడూ? పది అలలు లెక్కపెట్టావా?”

“చూశానక్కా! కళ్ళారా చూశాను. అసలు ఆ రోజు ఏమైందంటే...”

“దిగావా, లేదా?”

తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఒడ్డు మీద బల్ల ఉంది చూడు, టీకొట్టు ముందు. అక్కణ్ణించి చూశాను. వానగా ఉంది మరి. పైగా లాంచీ అప్పుడే పోయింది, అలలు లేచి ఉన్నాయి. నాకేం తెలుసక్కా, నీళ్ళే కదా, ఓ జానెడు అటో ఇటో అనుకున్నాను.”

నీళ్ళే కదా! పడవ దిగి వచ్చేశాను.

ఇరవయ్యో తేదీన ఇద్దరొచ్చారు. ఒకరు పెద్ద ఇంజనీరుగారు. చేతిలో ఫైలు, మొహం మీద ఫైలుకున్నంత నవ్వు. రెండో ఆమె ఉపగ్రహం లెక్కలు చూసే అమ్మాయి; భుజాన కంప్యూటరు సంచి, కాళ్ళకు బురద అంటుతుందని తెలియక వేసుకొచ్చిన తెల్లబూట్లు. ఆ రోజే ఉపగ్రహం కూడా వచ్చే రోజు. పది గంటల పన్నెండు నిమిషాలకు. కావాలనే ఆ రోజు పెట్టుకున్నారు, నన్ను ఎదురుగా నిలబెట్టి చూడాలని.

“ఏమమ్మా, ఎన్నింటికొస్తారు రోజూ?” అన్నారు ఇంజనీరుగారు, గేజీ గదిలో కుర్చీ దుమ్ము దులుపుకుని కూర్చుంటూ.

“ఆరింటికి, పన్నెండింటికి, మళ్ళీ ఆరింటికి సారూ. ఇది వచ్చే రోజు ఇప్పుడు కూడా.”

“ఎండాకాలం కూడానా?”

“ఎండాకాలం ఏరు సెలవు పెట్టదు కదండీ.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. నేను చెప్పదలచుకున్నది అప్పుడే చెప్పేశాను.

“సారూ, ఇంకో గంటలో మీది పైనుంచి వెళ్తుంది. మీ ఎదురుగానే నేను నీళ్ళు చూస్తాను. మీరూ చూడండి. సాయంత్రంలోపు దాని అంకె వస్తుంది కదా? ఈ రోజు అది మనకంటే జానెడున్నర తక్కువ చెబుతుంది. చెప్పకపోతే గేజీ మూసెయ్యండి.”

ఇంజనీరుగారు ఫైలు మూశారు. “జరగబోయేది ఎలా చెప్తున్నారు?”

“ఏటి అవతల మా ఆడపడుచు పొద్దున్నే అన్ని మళ్ళకీ నీళ్ళు పెట్టింది. గాలి లేదు.”

ఆ అమ్మాయి బయటికెళ్ళి, చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏటి అవతలికి చూసింది. మళ్ళన్నీ నేల మీద పరిచిన అద్దాల్లా మెరుస్తున్నాయి. తర్వాత గబగబా లోపలికొచ్చి కంప్యూటరు తీసింది.

పది గంటల పన్నెండు నిమిషాలకు ముగ్గురం మెట్ల మీద ఉన్నాం. నేను పది అలలు పైకే లెక్కపెట్టాను. ఆరో అల దగ్గర ఇంజనీరుగారు కూడా నాతోపాటు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటీ ఇరవై ఎనిమిది. ముగ్గురం అదే చూశాం. రాసి, ఇంజనీరుగారి చేత పక్కన సంతకం పెట్టించాను. గదిలోకి వచ్చాక మళ్ళు నిండిన ఎనిమిది రోజుల రిమార్కులూ, మళ్ళు నిండినా గాలి వీచిన ఆ రెండు రోజులవీ ఆ అమ్మాయికి చూపించాను.

“పెద్దమ్మా” అంది ఆ అమ్మాయి అవి చదివి, “మళ్ళు ఇక్కణ్ణించి ఎంత దూరం?”

“దగ్గరి మడయితే ముప్పావు కిలోమీటరు. మా ఆడపడుచు రోజూ పోయే దారే.”

“ఉపగ్రహం కేక ఒక్కచోట పడదు. టార్చిలైటు వెలుగులాగా కొన్ని కిలోమీటర్ల మేర పడుతుంది. అందులో ఏది బాగా మెరిస్తే దాన్నే పట్టుకుంటుంది. ఏట్లో అలలుంటాయి కాబట్టి కేక చెదిరిపోతుంది. మడిలో నీళ్ళు కదలవు, పైగా విశాలం. అద్దంలా వెనక్కి కొడుతుంది. అంటే సూటిగా కిందున్న ఏటిని వదిలేసి పక్కనున్న మడిని కొలుస్తోంది. కానీ అది పక్కన ఉందని దానికి తెలియదు, కిందే అనుకుంటుంది. ఏటవాలుగా పోయిన దూరం...”

“ఎక్కువవుతుంది” అన్నాను. “బావిలోకి చేద వేసేటప్పుడు తాడు నిలువుగా పోకుండా వాలుగా పోతే ఇంకో మూర పడుతుంది. తెలియనివాళ్ళు బావిలో నీళ్ళు కిందికి పోయాయంటారు.”

“అంతే! అచ్చంగా అంతే!” అని ఆ అమ్మాయి బల్ల చరిచింది. “గాలి వీస్తే మడిలో కూడా అలలు లేస్తాయి, మెరుపు పోతుంది. అందుకే ఆ రెండు రోజులూ...” కాగితం మీద ఏదో గుణించి, భాగించి నా వైపు తిప్పింది. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తు, ముప్పావు కిలోమీటరు పక్కకి. తేడా ముప్పై అయిదు సెంటీమీటర్లు.

నేను చెయ్యి చాపి జానెడున్నర కొలిచి చూపించాను. ఇంజనీరుగారు జేబులోంచి టేపు తీసి ఆ జానెడున్నరను కొలిచారు! ముప్పై నాలుగు.

“ఒక సెంటీమీటరు తప్పింది” అన్నారు.

“ముసలిచెయ్యి సారూ, ముడుచుకుపోయింది.”

అప్పుడు నవ్వారాయన, ఫైలు సంగతి మర్చిపోయి.

రెండున్నరకు ఉపగ్రహం అంకె వచ్చింది. తొంభై రెండు సెంటీమీటర్లు. నాకంటే ముప్పై ఆరు తక్కువ. అప్పటికి మా ఆడపడుచు ఏరు దాటి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చీరకుచ్చెళ్ళ నిండా ఉప్పు. వెనకాల ఊకదంపుడు, కథ ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తూ.

ఆ అమ్మాయి నా పుస్తకాలు ముందేసుకుని ఎనిమిది తేదీలకూ టిక్కు పెట్టింది. “తొమ్మిదోది వానాకాలం సార్. తేడా కూడా చిన్నది. ఒక్కటే కాబట్టి వదిలెయ్యొచ్చు.”

“వదిలెయ్యండి” అన్నారు ఇంజనీరుగారు. పెన్ను తీసి ఫైలులో రాయబోయారు.

అక్కడితో అయిపోయేది. మా ఆడపడుచు నా వెనక్కి వచ్చి నడుం దగ్గర గట్టిగా గిల్లింది. నేను నోరు తెరుస్తానని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ళ కాపురం మాది.

నిజానికి క్షణం ఆగాను. ఆ క్షణంలో నా కళ్ళ ముందు కనిపించింది ఉద్యోగం కాదు. ఆ ఎనిమిది టిక్కులు. అవి ఎవరి మాట మీద పడ్డాయి? నా రిమార్కుల మీద. ఆ గడిలో రాసినది నిజమేనని నమ్మి పెట్టారు. మరి అదే గడిలో అదే చేత్తో రాసిన తొమ్మిదోదాన్ని దాచుకుంటే ఆ ఎనిమిదీ దేని మీద నిలబడతాయి?

“వదలకండి సారూ. ఆ రోజు ఉపగ్రహానిదే రైటు. తప్పు నాది.”

పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. చదివారు. అట్ట తిప్పి లోపల అచ్చువేసిన వాక్యం కూడా చదివారు. 

“ఇది పైకి పంపినప్పుడు చెప్పలేదేం?”

“ఫోన్లో అంకెకే చోటుంది సారూ. అయినా మళ్ళీ ఫోను చేసి చెప్పి ఉండాల్సింది. భయపడ్డాను.”

“ఇప్పుడు భయం లేదా?”

“ఉంది. కానీ ఎనిమిదిసార్లు నన్ను నమ్మారు కదా, తొమ్మిదోసారి కూడా నన్నే నమ్మమంటున్నాను.”

“అయ్యా, ఒక్క మాట” అని ఊకదంపుడు ముందుకొచ్చాడు. “తప్పు నాది. టీకొట్టు బల్ల మీంచి చూశాను. అసలు ఆ రోజు ఏమైందంటే...”

“నువ్వాగు” అన్నాం నేనూ మా ఆడపడుచూ ఒకేసారి.

ఇంజనీరుగారు చాలాసేపు రాసుకున్నారు. తర్వాత కాగితం నా ముందుకు జరిపారు. అది మెమో. స్వయంగా చూడని మట్టం ఒక రోజు నమోదు చేసినందుకు హెచ్చరిక. ఇంకోసారి జరిగితే తొలగిస్తారు. దాని కింద ఇంకో కాగితం. గేజీ కొనసాగుతుంది, ఇక నుంచి రీడరు పంపే అంకెతోపాటు రిమార్కు కూడా పంపాలి, ఉప్పుమళ్ళు నిండి గాలి లేని రోజుల్లో ఉపగ్రహం అంకెను పక్కనపెట్టి గేజీ అంకెనే లాకులకు చెప్పాలి.

రెండింటి మీదా సంతకం పెట్టాను. మెమో మీద కాస్త నింపాదిగా పెట్టాను, వంకర పోకుండా.

“ఈ పదకొండేళ్ళ పుస్తకాలూ నకలు తీసుకోవాలి పెద్దమ్మా” అంది ఆ అమ్మాయి. “ఇలాంటి మళ్ళు, చెరువులు వేరే గేజీల దగ్గర ఎన్నున్నాయో. అక్కడ ఎవరూ ఇలా రాసిపెట్టలేదు.”

“తీసుకో తల్లీ. కానీ మా ఆడపడుచుని తిట్టినవి చదవకు.”

“ఏం తిట్టావ్?” అంది వెనకనుంచి.

“నకలు వచ్చాక చదువుకో.”

నేనూ ఆడపడుచూ ఇంటిదారి పట్టాం. మలుపు దగ్గర, “నడుం నొప్పిగా ఉందా?” అంది.

“కందిపోయుంటుంది. నీ చెయ్యి బాగానే అతుక్కుంది.”

ఇరవై ఏడు రోజులు గడిచాయి. మెట్ల మీద నిలబడ్డాను. పైన ఎండ తప్ప ఏమీ లేదు, కానీ వస్తోందని తెలుసు. అవతలి ఒడ్డున మా ఆడపడుచు రెండు చేతులూ పైకెత్తి ఊపింది. మళ్ళు నిండాయని దాని అర్థం. ఒకటి, రెండు, మూడు అని పది అలలు లెక్కపెట్టాను. ఒకటీ ముప్పై ఒకటి. అంకె పంపాను. దాని కింద మొదటిసారి రిమార్కు కూడా:

‘మళ్ళ నిండా నీళ్ళు. ఆకు కదలడం లేదు. ఈ రోజు నాది నమ్మండి.’